మన ఊరి బడిలో లెక్కలు, సామాన్య శాస్త్రము
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మేము ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలును, సామాన్య శాస్త్రమును బోధించు ఉపాధ్యాయులము. పంచాయతీ సమావేశములో బడి ప్రస్తావన సాధారణముగ పైకప్పు కారినప్పుడో, ప్రహరీగోడ కూలినప్పుడో, మరుగుదొడ్డికి తలుపు లేనప్పుడో వచ్చును. అవి ముఖ్యములే. వానిని మీరు చక్కబెట్టుచున్నందులకు మేము కృతజ్ఞులము. అయితే ఆ పైకప్పు క్రింద ఏమి చదువు సాగుచున్నదో కూడ మీరు విచారింపవలెనని మనవి చేయుటకే నేడు మీ ముందు నిలిచితిమి.

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య వానిలో నొకటి. కావున బడి ఊరిలోనున్న పరాయి కార్యాలయము కాదు. అది ఊరి సొత్తు.

కంఠస్థమైన చదువు

పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వయస్సు మిక్కిలి సున్నితమైనది. ఈ మూడు సంవత్సరములలోనే ‘నాకు లెక్కలు రావు’ అను మాట పిల్లల నోట స్థిరపడును. అటుపై ఆ మాటను తొలగించుట కష్టము. ఎందరో బాలికలు, కూలివారి పిల్లలు ఈ మాటతోనే చదువు చాలించుకొనుచున్నారు.

ఇట్లేల జరుగుచున్నది? వైశాల్యమనగా పొడవు వెడల్పుల లబ్ధమని పిల్లవాడు గడగడ అప్పజెప్పును. తన యింటి పెరడు ఎన్ని చదరపు గజములో కొలిచి చెప్పుమన్నచో నిలిచిపోవును. ఆమ్లమనిన నేమి, క్షారమనిన నేమి అని అడిగిన పుస్తకములోని వాక్యమును చెప్పును. తల్లి పసుపులో సున్నము కలిపినప్పుడు పారాణి యెఱ్ఱబడుటయు ఆ పాఠమే యని యెరుగడు. చదువు పుస్తకములోను, బ్రతుకు పెరటిలోను విడివిడిగ ఉండిపోవుటయే ఇందులకు కారణము. ఈ రెంటిని కలుపుటకు మన దేశములో గ్రామీణ పాఠశాలలయందే గొప్ప ప్రయత్నములు జరిగినవి. వానిలో రెంటిని మీకు విన్నవింతుము.

హోషంగాబాదు ప్రయోగము

మధ్యప్రదేశములో నర్మదానది యొడ్డున హోషంగాబాదు జిల్లా కలదు. 2022 నుండి దానికి నర్మదాపురమని పేరు. 1972లో ఆ జిల్లాలోని 16 మాధ్యమిక పాఠశాలలలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వపు అనుమతితో క్రొత్త విజ్ఞానబోధనను ప్రారంభించెను. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులును, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులును వచ్చి ఊరిబడి ఉపాధ్యాయులతో కలిసి కూర్చుండి పాఠములను కూర్చిరి. 1978లో ఈ పద్ధతి జిల్లాలోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలన్నింటికిని వ్యాపించినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య అను సంస్థ తరువాత ఈ భారమును వహించినది.

ఇవి సంపన్నుల పిల్లలు చదువు బడులు కావు. మన బడులవంటి ప్రభుత్వ పాఠశాలలే. అచ్చట పిల్లలు నలుగురేసి చొప్పున జట్లుగ కూర్చుండి ప్రయోగములు చేయుచుండిరి. ‘బాల వైజ్ఞానిక్’ అను వారి పుస్తకములో సిద్ధముగ నున్న జవాబులకంటె ప్రశ్నలును, చేయవలసిన పనులును అధికము. జవాబును పిల్లలు తమ చేతులతో చేసి, కంటితో చూచి, తమలో తాము వాదించుకొని, నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. పూవును విప్పి చూచుటకు తుమ్మముల్లు సూదిగ ఉపయోగపడెను. 1978లో అచ్చటికి వచ్చిన అరవింద గుప్తా అను ఇంజనీరు అగ్గిపుల్లలతోను, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతోను త్రిభుజములు, చతురస్రములు, ఘనములు కట్టి చూపెను. చతురస్రమును నొక్కిన ఒరగును, త్రిభుజము ఒరగదు. ఇంటి దూలములను త్రిభుజాకారముగ నేల బిగింతురో పిల్లలకు వెంటనే బోధపడును.

పరీక్షయు ఆ బోధనకు తగినట్లే ఉండెను. పుస్తకమును, తాము వ్రాసికొన్న నోట్లను తెరచి చూచుకొనుటకు పరీక్షలో అనుమతి కలదు. దానితోపాటు చేతితో చేసి చూపవలసిన పరీక్షయు కలదు. ‘సవాలీరాం’ అను కల్పిత మిత్రునికి పిల్లలు తమ సందేహములను ఉత్తరములుగ వ్రాయుచుండిరి, జవాబులును వచ్చుచుండెను. ఉపాధ్యాయులు వేసవిలో శిక్షణ పొందుటయే గాక, నెలకొకసారి ఒకచోట చేరి తమ తరగతులలో ఎదురైన చిక్కులను చర్చించుకొనుచుండిరి.

ఋషివ్యాలీ చుట్టుప్రక్కల పల్లెలు

రెండవది మన తెలుగునాటిది. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆ పట్టణ సమీపమున స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయమును మీలో పలువురు విని యుందురు. ఆ విద్యాలయమునకు చెందిన గ్రామీణ విద్యాకేంద్రము 1980 దశకము నుండి చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న బడులను నడుపుచు వచ్చినది. అవి ప్రాథమిక తరగతుల బడులు. ఒక్క గదిలో పలు తరగతుల పిల్లలుందురు. ప్రతి పిల్లవాడును కార్డులపై నున్న పనులను చేయుచు తన వేగమున ముందుకు సాగును.

వారు కనిపెట్టిన ‘మెట్రిక్ మేళా’ అను పద్ధతి మనకు మిక్కిలి పనికివచ్చును. పిల్లలే అంగళ్లు పెట్టుదురు. ఒకచోట త్రాసు, ఒకచోట లీటరు కొలత, ఒకచోట ఎత్తు కొలుచు గుర్తులు ఉండును. ఊరివారు వచ్చి తమ ఎత్తును, బరువును కొలిపించుకొందురు, సరుకులు కొందురు. లెక్క పిల్లలే కట్టుదురు. తప్పిన కొనువారే అడుగుదురు గనుక, దశాంశ బిందువును ఎక్కడ నుంచవలెనో పిల్లలు మరువరు. ఊరంతయు చూచుచుండగ చదువు సాగుటయే ఈ పద్ధతిలోని విశేషము.

మన ఊరిలోనే పాఠమున్నది

ఈ రెండు ప్రయత్నములనుండి నేర్చుకొని మా తరగతులలో మేము చేయించు పనులు కొన్ని చెప్పుదుము. వీనికి పెద్ద ఖర్చు లేదు.

మొదటిది తాటిచెట్టు ఎత్తు. చెట్టు నెక్కకయే దానిని కొలువవచ్చును. ఎండలో ఒక మీటరు కఱ్ఱను నిలువుగ నాటిన దాని నీడ 80 సెంటీమీటర్లున్నదనుకొందము. అదే సమయమున తాటిచెట్టు నీడ 9.6 మీటర్లున్నచో చెట్టు ఎత్తు 12 మీటర్లు. నిష్పత్తి యను పాఠము ఇంతటితో బోధపడును. ‘మధ్యాహ్నము కొలిచిన వేరుగ వచ్చునా?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుదురు. అప్పుడు కొలిపించి చూడవలెను. రెండు నీడలును తగ్గును, ఎత్తు మాత్రము మారదు.

రెండవది మేస్త్రి విద్య. ఇంటికి మూల తీయునప్పుడు మేస్త్రి ఒక ప్రక్క మూడడుగులు, మరియొక ప్రక్క నాలుగడుగులు గుర్తించి, ఆ గుర్తుల నడుమ సరిగ అయిదడుగులు వచ్చువరకు దారమును సవరించును. అట్లు వచ్చిన మూల లంబకోణమే. ఎనిమిదవ తరగతి పిల్లలు కష్టమని భయపడు పైథాగరస్ సిద్ధాంతము ఇదియే. మూడు మూడ్లు తొమ్మిది, నాలుగు నాల్గులు పదునారు, కలిపిన ఇరువదియైదు, అయిదైదులు ఇరువదియైదు. మేస్త్రిగారు ఒక గంటసేపు బడికి వచ్చి చూపిన, పుస్తకములోని బొమ్మకు ప్రాణము వచ్చును.

మూడవది వాన లెక్క. అడుగు చదునుగను, ప్రక్కలు నిలువుగను ఉన్న డబ్బా నొకదానిని ఆరుబయట నుంచి, వాన వెలిసిన పిమ్మట లోని నీటి లోతును కొలబద్దతో కొలువవలెను. పెద్ద డబ్బాలో ఎక్కువ లోతు వచ్చునని పిల్లలలో సగము మంది వాదింతురు. చిన్నది, పెద్దది ప్రక్కప్రక్కన పెట్టించినచో లోతు రెంటిలోను ఒకటిగనే యుండును. పెద్ద డబ్బా మూతి ఎక్కువ నీటిని పట్టును గాని, ఆ నీరు వెడల్పుగ పరచుకొనును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. బడి కప్పు 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు కలదనుకొందము. 20 మిల్లీమీటర్ల వాన కురిసిన ఆ కప్పుపై 1,600 లీటర్లు పడినవన్నమాట. పది లీటర్ల బిందెలతో 160 బిందెలు! ఒక ఎకరముపై ఆ వానయే సుమారు 81 వేల లీటర్లగును. ఇంకుడుగుంత ఎంత లోతు త్రవ్వవలెనని మీరు సమావేశములో చర్చించునప్పుడు, పిల్లలు వ్రాసియుంచిన ఈ లెక్క మీకు అక్కరకు రాదా?

నాల్గవది పసుపు కాగితము. పసుపు నీటిలో తడిపి ఆరబెట్టిన కాగితపు ముక్కకు సబ్బునీరు, సున్నపునీరు తగిలిన ఎఱ్ఱబడును. నిమ్మరసము, చింతపండు పులుసు తగిలిన మారదు, ఎఱ్ఱబడినది తిరిగి పసుపగును. మందారపూల రసము ఆమ్లములో ఎఱ్ఱగను, క్షారములో ఆకుపచ్చగను మారును. ఇందులకు పరీక్షనాళికలైనను అక్కరలేదు. కడిగిన చిన్న గాజుసీసాలు చాలును.

అయిదవది కారుచున్న కొళాయి. ఒక పిల్ల గ్లాసు పట్టి చూచిన, పది నిమిషములలో 200 మిల్లీలీటర్ల నీరు చేరినదనుకొందము. గంటకు 1.2 లీటర్లు, రోజునకు 28.8 లీటర్లు, ముప్పది దినములకు 864 లీటర్లు వృథాయగును. గ్రామీణ ప్రాంతములలో మనిషికి రోజునకు 55 లీటర్ల నీరందవలెనని 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ నిర్ణయించినది. అనగా ఆ యొక్క కొళాయి ఒక మనిషి వాటాలో సగమునకు పైగా నేల పాలు చేయుచున్నదన్నమాట. దశాంశములు, నిష్పత్తి, కాలము, ఘనపరిమాణము, ఇన్ని పాఠములును ఆ గ్లాసులో నున్నవి.

పెద్దల సందేహములు

‘పిల్లలు బడికి పోయి మట్టి, నీళ్లు కలుపుకొని ఆడుచున్నారు, చదువెప్పుడు?’ అని తల్లిదండ్రులు అడుగుదురు. అడుగుట న్యాయమే. కూలి డబ్బుతో నోటుపుస్తకములు కొనిన తండ్రికి ఆ హక్కు కలదు. వారికి మా మనవి యిది. పని ముగిసిన పిదప పిల్లవాని నోటుపుస్తకమును తెరచి చూడుడు. ఏమి చేసెను, ఏమి చూచెను, ఎంత కొలిచెను, ఎందువలన అట్లయినది అని నాలుగు సంగతులు అందున్నచో అది చదువు. లేనిచో అది ఆటయే. అప్పుడు ఉపాధ్యాయుని అడుగుడు.

‘మార్కులు తగ్గవా?’ అనునది రెండవ సందేహము. ఎక్కములు, సూత్రములు, సాధన అక్కరలేదని మేము చెప్పుటలేదు. ఎక్కములు రాని పిల్ల వాన లెక్కను కట్టలేదు. అర్థమైన పిదప చేసిన సాధన నిలుచును, అర్థము కాక వల్లించినది పరీక్ష గడువగనే జారిపోవును. 2009 నాటి విద్యాహక్కు చట్టమును పనుల ద్వారా, అన్వేషణ ద్వారా పిల్లలు నేర్చుకొనవలెనని చెప్పుచున్నది. ఆరు మొదలు ఎనిమిది తరగతులున్న బడిలో గణిత, విజ్ఞాన శాస్త్రములకు ఒక ఉపాధ్యాయుడైనను ఉండవలెనని ఆ చట్టపు షెడ్యూలు నిర్దేశించినది. మీ బడిలో ఆ స్థానము ఖాళీగ నున్నదేమో మొదట విచారింపుడు.

‘ప్రశ్నలడుగుట అలవాటైన పిల్లలు పెద్దల మాట విందురా?’ అనునది మూడవది. దీనికి నల్లగొండ ప్రాంతమే సమాధానము. అచ్చటి ఊళ్లలో తరతరములు త్రాగిన నీటిలో ఫ్లోరైడు ఉండెను. అది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, బిడ్డలు నడువలేనివారైరి. కంటికి, నాలుకకు అందనిదానిని తెలిసికొనుటకు కొలత యొక్కటే మార్గము. ‘ఈ నీటిలో ఏమున్నది?’ అని అడుగు పిల్ల ఊరికి రక్ష. పటికను, సున్నమును వాడి ఆ ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని జాతీయ పరిశోధనా సంస్థ రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతియని పేరు. మన ఊరి కష్టము పేరనే ఒక శాస్త్రపద్ధతి వెలసినదని మన పిల్లలకు తెలియవలదా?

ముప్పది యేండ్ల పని ఎట్లు ఆగినది

హోషంగాబాదు కథలో మిగిలిన భాగమును మీకు చెప్పక తప్పదు. 1972లో మొదలైన ఆ కార్యక్రమము ముప్పది సంవత్సరములు నడిచినది. ఇతర జిల్లాలలోని కొన్ని బడులకును ప్రాకినది. 2002లో రాష్ట్ర ప్రభుత్వపు నిర్ణయముచే ఆగిపోయినది. ఒకే రాష్ట్రములో పిల్లలకు రెండు విధములైన పుస్తకము లేల యను వాదము బలపడినది. శాస్త్రజ్ఞులు, విద్యావేత్తలు పలువురు ఆపవలదని కోరిరి, అయినను నిలువలేదు.

ఆ పని వ్యర్థమైనదని మేము తలపము. పాఠశాల చదువు బయటి జీవితముతో ముడిపడవలెనను సూత్రమును 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము ముఖ్యముగ గ్రహించినది. ఏకలవ్య సంస్థ పుస్తకములును, ‘చక్‌మక్’ అను బాలల పత్రికయు ప్రకటించుచు పనిని సాగించినది. అయినను మనము గ్రహింపవలసినది యొకటి కలదు. ఉత్తరువుతో వచ్చిన పద్ధతి ఉత్తరువుతో పోవచ్చును. ఉపాధ్యాయుడు బదిలీయైన మరునాడు బీరువాకు తాళము పడవచ్చును. ఊరు తనదిగ చేసికొన్న అలవాటు అట్లు పోదు. పెద్దబాలశిక్ష యేయే ఇండ్లలో నిలిచినదో, ఆ యిండ్ల పెద్దలు దానిని తమదిగ భావించినందువలననే నిలిచినది. అట్లే ఈ చదువునకును పోషకులు మీరు కావలెను.

పంచాయతీ చేయదగినవి

మొదట, బడిలో ఒక సామానుల బీరువాను ఏర్పరుపుడు. కొలటేపు, త్రాసు, తూనికరాళ్లు, భూతద్దములు, ఉష్ణమాపకము, గాజుసీసాలు, దారము ఉండిన చాలును. విరిగినది విరిగినదని వ్రాసి, ఏటేట పూర్తిచేయు ఏర్పాటుండవలెను. విరుగునను భయముతో బీరువాను తెరువని బడిలో వస్తువులు భద్రముగ నుండును, చదువుండదు.

రెండవది, పంచాయతీ కార్యాలయపు గోడపై ఒక నల్లబల్లను పిల్లలకిండు. ఆనాటి వాన, ఎండ వేడిమి, బావి నీటి లోతు వారు అందుపై వ్రాయుదురు. రైతులు చదువుదురు. తప్పు వ్రాసిన దిద్దుదురు.

మూడవది, మోటారు గది, నీటి ట్యాంకు, చౌకధరల దుకాణపు త్రాసు, పంచాయతీ పద్దులు పిల్లలకు చూపుడు. జల జీవన్ మిషన్ క్రింద గ్రామమున నీటిని పరీక్షించుటకు ఐదుగురు స్త్రీలకు శిక్షణ నిచ్చు ఏర్పాటు కలదు. వారు పరీక్ష చేయునాడు ఏడవ, ఎనిమిదవ తరగతుల పిల్లలను ప్రక్కన నిలుపుడు. కరెంటు తీగలున్నచోట, లోతైన నీరున్నచోట పెద్దలు వెంట నుండుట తప్పనిసరి.

నాల్గవది, మేస్త్రిని, వడ్రంగిని, కుమ్మరిని, సైకిలు బాగుచేయువానిని ఏడాదికొకసారి బడికి పిలిపింపుడు. వారు తమ చేతులలో నున్న శాస్త్రమును పిల్లలకు చూపుదురు. వారి పిల్లలు ఆనాడు తరగతిలో తలయెత్తుకొని కూర్చుందురు.

అయిదవది, నలుగురి జట్టులో బాలికలకును, అన్ని కులముల పిల్లలకును సమానముగ చోటు కలదా యని చూడుడు. బాలుడు కొలిచి, బాలిక వ్రాసికొనుట పలుచోట్ల ఆచారమైనది. త్రాసు బాలిక చేతికిని రావలెను. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో మూడువంతులకు తక్కువకాకుండ, అనగా నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెను. స్థానిక ప్రజాప్రతినిధులకును అందు స్థానము కలదు. ఆ స్థానములో కూర్చుండు సభ్యుడు సంతకమునకు మాత్రమే గాక ఈ సంగతులడుగుటకును వెళ్లవలెను.

ఆరవది, ఉపాధ్యాయులు నెలకొకసారి తోటివారితో కలిసి పాఠములు చర్చించుకొనుటకు వెళ్లినప్పుడు ‘బడి ఎగవేసిరి’ అని తలపకుడు. రైతు విత్తనమునకై పొరుగూరికి వెళ్లుటవంటిదే ఆ ప్రయాణము.

సోదరీ సోదరులారా, రేపు ఒక పిల్ల గ్లాసును, నోటుపుస్తకమును చేతబట్టుకొని పంచాయతీ కార్యాలయమునకు రావచ్చును. ‘సర్పంచిగారూ, మూడవ వార్డు కొళాయినుండి నెలకు 864 లీటర్ల నీరు కారిపోవుచున్నదండి’ అని చెప్పవచ్చును. ‘పెద్దల సంగతి నీకేల’ అని మీరు పంపివేసినచో, ఆ పిల్ల లెక్క మానును, ఆమెను చూచి తరగతియంతయు మానును. మేము ఏడాది పొడుగున చెప్పిన పాఠము ఆ యొక్క మాటతో తుడుచుకొనిపోవును. అట్లుగాక లెక్కను సరిచూచి, ఆమె యెదుటనే కొళాయికి క్రొత్త వాషరు వేయించినచో, తాను నేర్చిన లెక్క ఊరి నీటిని నిలిపినదని ఆమె కన్నులార చూచును. ఆ పిల్లకు ఇక ఎవ్వరును లెక్కలు రావని చెప్పలేరు.

మా చేతనైనది మేము తరగతి గదిలో చేయుదుము. తరగతి గది దాటిన తరువాత ఆ పిల్ల మాటను వినవలసినవారు మీరు. ఈ బాధ్యతను మీరు స్వీకరింతురని నమ్ముచున్నాము.